ఒకే డబ్బాలో రెండూ

పాతది మాత్రం తుడిచెయ్యకూడదు, తుడిస్తే మా ఆవిడ సుజాత చేసిన కార్డులన్నీ పోతాయి, ఆ తెలుగు అక్షరాలు ఈ పాత విండోస్‌లో తప్ప ఎక్కడా కనబడవు, ఇందులోనేమో ఇప్పుడు ఆన్‌లైన్ దరఖాస్తు ఒక్కటీ తెరుచుకోదు, ఆత్మకూరు బస్టాండు పక్కన డీటీపీ షాపు పెట్టుకుని దరఖాస్తులు కొట్టనంటే గిరాకీ ఎక్కడిది, అందుకని ఒకే కంప్యూటరు డబ్బాలో రెండూ, పాత విండోస్ ఒకవైపు, కొత్త లినక్స్ ఒకవైపు, అలా పెట్టొచ్చన్నది వీడే, సుజాత తమ్ముడు ప్రసన్నకుమార్, ఉదయగిరి నుంచి పొద్దున బస్సుకే వచ్చాడు, కాఫీ ఇవ్వలేదు నేను, అడగలేదు వాడు, ఎందుకో ఇద్దరికీ తెలుసు.

మా పనిలో ఎవరూ ఖాళీ పేజీ మీద మొదలుపెట్టరు, ఎవరిదో పాత కార్డు తెరిచి పేర్లు మార్చి వేరే పేరుతో దాస్తాం, సుజాత పెద్దకర్మ కార్డుకు వీడూ అదే చేశాడు, అంచు బాగుందని వీడు తెరిచింది మా పెళ్ళిరోజుకని ఆమె నాకు చూపించకుండా చేసుకుంటున్న కార్డు, అందులోనే అక్క చావు కొట్టి పేరు మార్చకుండా సేవ్ నొక్కేశాడు, ఆమె కార్డు పోయింది, పైన నీకేదో రాసుండాది బావా, చదవకుండానే చెరిపినా, అన్నాడు, చదవకుండా, ఆ ముక్క ఇక ఎవరు చెప్తారు నాకు.

ఏంది బావా అట్టా చూస్తావు, డిస్కులో మా అక్కకెంత, నీకెంత, చెప్పు, అంటున్నాడు మౌసు పట్టుకుని, ఆమెది కొయ్యొద్దు, మిగిలిందే నాకు అన్నాను, అక్క బతికుండగా ఈ మాట అనుంటే ఊరంతా స్వీట్లు పంచిపెట్టుండేది బావా, అన్నాడు, నవ్వొచ్చింది, నవ్వలేదు, ఆఖరి బటను దగ్గర వాడి వేలు ఆగింది, నువ్వే నొక్కు, ఈసారి నా మీదొద్దు, నొక్కాను, తెర మీద గీత పాకుతోంది, కరెంటు పోతే అన్నాను, పోతే అంతే అన్నాడు, ఇద్దరం తలెత్తి ఫ్యాను తిరుగుతోందా అని చూశాం.

పోలేదు, పాతవైపు కార్డులన్నీ ఉన్నాయి, చేజర్ల వాళ్ళ పెళ్ళికార్డు అక్షరం చెడకుండా తెరుచుకుంది, కొత్తవైపు నుంచి తెరిస్తే అదే కార్డు కొక్కేలూ చుక్కలూ, చదవాలంటే దీన్ని ఆపి అటు పోవాల బావా, రెండూ ఒక్కసారి నడవవు, అన్నాడు, ఇంకొక్కటి చెప్పు, ఆన్ చేస్తే ఏది ముందు రావాల, నువ్వేం నొక్కకుంటే అదే వచ్చేస్తాది, అని అడిగాడు, కొత్తది, అన్నాను, వాడు మౌసు వదిలేసి నా ముఖంలోకి చూశాడు, చూడనీ, వాణ్ణి క్షమించలేదు, క్షమించను, కానీ షట్టరుకు రంగు వెయ్యాలన్నా ఉండు సుజాతనడిగి చెప్తా అనే మనిషిని, పోయాక కూడా ఎవరేమడిగినా తల ఆమె కూర్చునే లోపలి గదివైపు తిప్పేవాణ్ణి, ఇప్పుడు తిప్పలేదు, ఆమె లేదు, అది నాకు ఇవాళ తెలిసింది.