ఈ వారం సోమరి

క్యాంటీన్ తలుపు పక్కన బోర్డు మీద తన ఫోటో చూసుకుని బాయిలరు మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. ఫోటో బాగానే వచ్చింది. బల్ల మీద కూర్చుని ఉన్నాడు, చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి, చూపు ఎటో ఉంది. పైన ఎర్ర అక్షరాలతో "ఈ వారం సోమరి" అని రాసుంది. టీ గ్లాసులు పట్టుకుని వచ్చినవాళ్ళు చదివి, చదవనట్టు మొహాలు పెట్టి, పక్కకెళ్ళి నవ్వుకుంటున్నారు.

ఇదంతా కొత్త మేనేజరుగారి తెలివి. ఈ రంగుల మిల్లుకొచ్చి నెల తిరగలేదు. బట్టకి రంగు ఎలా పడుతుందో తెలీదు గానీ, ఫోను పట్టుకుని పిల్లిలా తిరుగుతూ ఎవరు కూర్చున్నారా అని వెతకడం మాత్రం బాగా వచ్చు. నిలబడినవాడు పనిమంతుడు, కూర్చున్నవాడు సోమరి. ఆయన చదివిన చదువంతా అదే. దాంతో రంగు తొట్ల దగ్గర ఉండే బట్టతలాయన ఒక ఖాళీ బకెట్టు పట్టుకుని పొద్దస్తమానం అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాడు. ఆయన ఫోటో కూడా బోర్డెక్కింది, "ఈ వారం శ్రమజీవి" అని. బకెట్టు కూడా ఫోటోలో పడింది.

మేస్త్రి చూపు ఎటో లేదు. గాజుగొట్టం మీద ఉంది. బాయిలరులో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో ఆ జానెడు గొట్టమే చెబుతుంది. నీళ్ళు గీత కిందికి జారకముందే పంపు వెయ్యాలి. ఏమరితే లోపల ఇనుము ఎర్రగా కాలుతుంది, ఆపైన గోడ ఒకవైపు, మనుషులు ఒకవైపు ఎగిరిపడతారు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా అలా జరగలేదు. జరగలేదు కాబట్టే ఆయన ఏ పనీ చెయ్యడని అందరికీ అనిపిస్తుంది.

ఆ సాయంత్రం మేనేజరు ఆయన్ని గదికి పిలిపించాడు.

"ఊరికే కూర్చోబెట్టి ఎవర్నీ మేపలేం," అన్నాడు కుర్చీలో వెనక్కి వాలి. "రేపట్నుంచి తడిబట్ట బండ్లు తొయ్యి. మధ్యమధ్యలో వచ్చి నీ బాయిలర్ని చూసుకో."

"అది మధ్యమధ్యలో చూసేది కాదు సార్."

"ఏం, నువ్వు చూస్తుంటేనే మరుగుతుందా?"

మూల కూర్చున్న గుమాస్తా కిసుక్కున నవ్వాడు. మేనేజరు ఒక అచ్చేసిన కాయితం బల్ల మీదికి తోశాడు. "సోమరితనం వల్ల విధుల్లో అలక్ష్యం చూపాను. ఇకపై ఖాళీ సమయంలో ఏ పని అప్పగించినా చేస్తాను," అని ఉంది అందులో.

"రేపు పొద్దున్నకి సంతకం పెట్టి తీసుకురా. లేకపోతే రాకు."

దారిపొడుగునా మేస్త్రి మేనేజర్ని నోరారా తిట్టుకున్నాడు. తిట్లు అయిపోయాయి గానీ కోపం అయిపోలేదు. తల్లి మంచాన ఉంది, ఆవిడ మందులకి ఈ జీతమే దిక్కు. సంతకం పెట్టక తప్పదని తేలిపోయాక ఆ కోపం రెట్టింపయింది. దాన్ని ఎవరి మీద దింపాలో తెలియక అలాగే ఇంటిదాకా మోసుకొచ్చాడు.

తలుపు తోస్తే ఎదురుగా అంట్లు. పొయ్యి వెలగలేదు. లోపలి గది గుమ్మం పక్కన పీట మీద భార్య కూర్చుని ఉంది. చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి, చూపు ఎటో ఉంది.

"రోజంతా ఇదేనా నీ పని?" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు. "పొద్దున్నుంచి చాకిరీ చేసి వస్తే పొయ్యి కూడా వెలిగించవా? సోమరితనానికైనా ఒక హద్దుండాలి."

ఆవిడ వేలెత్తింది, ఆగమన్నట్టు. తననే ఆగమంటుందా అని ఆయన ఇంకాస్త గొంతు పెంచాడు. ఆవిడ చటుక్కున లేచి లోపలికెళ్ళింది. మిగిలిన తిట్లు కూడా పూర్తిచేద్దామని ఆయన వెనకే వెళ్ళాడు.

తల్లి వెల్లకిలా పడుకుని ఉంది. నోరు తెరుచుకుని ఉంది. ఛాతీ కదలడం లేదు. భార్య ఒక చెయ్యి ఆవిడ మెడ కింద, ఇంకో చెయ్యి వీపు కింద పెట్టి పక్కకి తిప్పింది. వీపు మీద ఒకటి చరిచింది, ఇంకోటి చరిచింది. ముసలావిడ పెద్దగా ఊపిరి తీసి, కళ్ళు కూడా విప్పకుండా నిద్ర కొనసాగించింది.

"ఎనిమిదిలో ఉన్నాను," అంది భార్య. "మీ అరుపుకి లెక్క తప్పింది. పదైందో, పదిహేనైందో."

"ఏం లెక్క?"

"నిద్రలో ఊపిరాగుతుంది, పది లెక్కపెట్టినా రాకపోతే పక్కకి తిప్పమని డాక్టరుగారు చెప్పారుగా. నాలుగు నెలలైంది. మీరూ పక్కనే ఉన్నారు. తలూపారు."

తలూపిన సంగతి గుర్తుంది. ఆ లెక్క ఎవరు పెడతారో మాత్రం ఆయన ఇంతవరకు ఆలోచించలేదు.

"అత్తయ్య కునికినప్పుడల్లా ఇక్కడ కూర్చోవాల్సిందే. అంట్లు తోమితే ఆ చప్పుడుకి ఊపిరి వినపడదు. రాత్రిళ్ళయితే మీ గురక ఒకటి."

మేస్త్రి జేబులో కాయితం తీసి ఆవిడ చేతికిచ్చాడు. ఫోటో సంగతి, బండ్ల సంగతి చెప్పాడు. జాలిపడుతుందనుకున్నాడు. ఆవిడ చదివి, మడిచి, తిరిగి ఇచ్చేసింది.

"మీ ఫోటో పెట్టినవాడు పరాయివాడు," అంది. "మీ అక్కవాళ్ళింట్లో పదిమంది భోంచేస్తుంటే నన్ను పీట మహారాణి అన్నదెవరు?"

ఆవిడ మళ్ళీ వెళ్ళి పీట మీద కూర్చుంది. అంట్లు ఆయనే పెరట్లోకి తీసుకెళ్ళి, చప్పుడు కాకుండా తోమాడు.

మర్నాడు పొద్దున్నే ఆ కాయితం సంతకం లేకుండా మేనేజరు ముందు పెట్టాడు.

"బండ్లు తోస్తాను సార్. ముందు మీరో కాయితం రాయండి. బాయిలరు దగ్గర మనిషి కూర్చోనక్కర్లేదని, మీ చేత్తో, కింద మీ సంతకంతో. రేపు అది పేలితే అడిగినవాళ్ళకి చూపించాలిగా."

మేనేజరు పెన్ను తీసుకున్నాడు. మూత తీశాడు. గుమాస్తా వైపు చూశాడు, గుమాస్తా ఈసారి నవ్వలేదు. పెన్నుకి మళ్ళీ మూత పెట్టాడు.

"పో, పోయి కూర్చో," అన్నాడు పళ్ళు కొరుకుతూ.

మేస్త్రి పోతూ పోతూ బోర్డు మీది ఫోటో పీకి జేబులో కుక్కుకున్నాడు. ఎవరూ అడ్డు రాలేదు. సాయంత్రం పని దిగి గేటు దాటగానే, ఎవరికైనా చెప్పుకోకపోతే కడుపుబ్బేలా ఉండి, అక్కకి ఫోను చేశాడు. జరిగిందంతా చెప్పాడు.

అక్క పగలబడి నవ్వింది. "నిన్ను సోమరన్నారా? ఆ బిరుదు మా మరదలిది కదరా. ఏం చేస్తోంది పీట మహారాణి, కూర్చునే ఉందా?"

మేస్త్రి రోడ్డు మీద ఆగిపోయాడు.

"కూర్చునే ఉంది. అమ్మ ఊపిరి ఆగకుండా చూడ్డానికి నాలుగు నెలల్నుంచి కూర్చునే ఉంది. ఆ మాట ఇంకెప్పుడూ అనకు."

"నామీద ఎగురుతావేంట్రా? ఆ పేరు పెట్టింది నువ్వేగా," అంది అక్క. ఆవిడ గొంతులో నవ్వు పోయింది. "ఇక్కడ పిల్లలు కూడా అత్తని అలాగే అంటారు."

ఆయనకి మేనేజరు మీద వచ్చినంత కోపమూ వచ్చింది. తిట్టడానికి మాత్రం తను తప్ప ఎవరూ దొరకలేదు. బోర్డు మీది ఫోటో ఒక్క లాగుకి వచ్చేసింది. తను అంటించిన పేరు ఎన్ని ఇళ్ళలో ఉందో తనకే తెలీదు.

"పిల్లల్ని పిలు," అన్నాడు. "నేనే చెప్తాను."

వాళ్ళకి చెప్పడం అయ్యాక, ఆ పేరు విని నవ్విన తమ్ముడి నంబరు నొక్కాడు.