ఎలారం నొక్కిన వేలు

కాలి బొటనవేలితో ఆపేడు, చేతిలో టీ గ్లాసు ఒలక్కండా, ఎర్రగా కాలిన రైలు పట్టా పాములా లేచి కంట్రోల్ క్యాబిన్ మీదకొస్తూంటే, గురునాథరావు కాలెత్తి బొటనవేలితో బటన్ నొక్కి మిల్లంతా ఆపేడు, భిలాయిలో ఈ సంగతి తెలీని తెలుగువాళ్లుంటే వాళ్లు మొన్నో నిన్నో రైలు దిగినవాళ్లయ్యుంటారు, ముప్పైనాలుగేళ్ల సర్వీసులో ఒక్క ఎలారం అతని చేతి వేలు దాటిపోలేదు, అలాంటి వేలు ఇప్పుడు, పొద్దున్న పదింటికి, రిసాలి క్వార్టర్లో, కంప్యూటర్ ముందు, ఒళ్లో చచ్చిన బల్లిలా పడుంది, తెరంతా నలుపు, మధ్యన ఎర్ర అక్షరాలు, మీ ఫైళ్లన్నిటికీ తాళం వేసేం, తాళంచెవి కావాలంటే డబ్బు పంపండి, ఎంత మర్యాదో దొంగసచ్చినోడికి, ప్లీజ్ అని కూడా రాసేడు.

నిన్న మధ్యాహ్నం, భార్య నూకమ్మ కునుకు తీస్తూంటే, హరికథ వినబుద్ధేసి ఊరూపేరూ లేని సైటేదో తెరిచేడు, టీం టీం టీం అని మోత, ఎర్ర డబ్బా, మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది, వెంటనే అప్‌డేట్ చెయ్యండి, పక్కన అంకెలు తగ్గుతూ, ఇరవై, పందొమ్మిది, పద్దెనిమిది, బుర్ర ఇంకా చదువుతూనే ఉంది, వేలు వెళ్లిపోయింది, ఎందుకెళ్లదు, క్యాబిన్లో ఎలారం మోగితే ముందు బటన్ నొక్కాలి, తరవాతే ఏటయిందో చూడాలి, నొక్కకపోతే ఫోర్‌మన్ వచ్చి నిద్దరోతన్నావేట్రా గురునాథం అంటాడు, ఆ మాట పడకుండా ముప్పైనాలుగేళ్లు బతికిన వేలది, రిటైరయ్యేవని దానికెవరూ చెప్పలేదు, నొక్కింది, మోత ఆగింది, ప్రాణం హాయిగా కూడా అనిపించింది, అదీ సిగ్గు.

తెర అంచున పచ్చకాగితం ఇంకా అంటుకునే ఉంది, డేవిడ్‌రాజ్ రాసి అంటించింది, తొందరపెట్టే డబ్బా ఏదీ ముట్టుకోవద్దు, తనతో పనిచేసిన కొర్నేలి కొడుకు వాడు, క్యాంప్ 2 బస్తీలో కంప్యూటర్లు బాగుచేస్తాడు, ఇందాకే వచ్చి గంటసేపు తలగోక్కుని వెళ్లేడు, అంకుల్, అసలు అప్‌డేట్ ఇలా అరుచుకుంటూ రాదు, సెట్టింగ్స్‌లోకి మనమెళ్లి చూస్కోవాలి అని ఎన్నిసార్లు చెప్పేను, చెప్పేవురా నాయనా, నేనే టీ కొట్టు దగ్గర పదిమందికి ఆ పాఠం చెప్పేను, నా కంప్యూటర్‌కి పురుగు పట్టదని మీసం కూడా తిప్పేను, మరి కాపీ తీసిన డిస్కేది అంకుల్, అదిగో వెనకాల, వైరుకే ఉంది, హే భగవాన్, అందులోవీ పోయాయి, కాపీ తీసేక పీకి బీరువాలో పెట్టమన్నాను కదా, ఒరే డేవిడూ, స్టాండ్‌బై పంపుని లైన్లోంచి పీకి బీరువాలో పెడతారేట్రా, ఎప్పుడూ తగిలించే ఉంచాలి, మాకలాగే నేర్పేరు, వాడు సంచి సర్దుకున్నాడు, డబ్బు పంపకండంకుల్, పంపినా ఇస్తాడని గ్యారంటీ లేదు, అంతా తుడిచేసి కొత్తగా ఎక్కించాలి, ఫొటోలు మర్చిపోండి.

మర్చిపోండట, ఈ ఇంట్లో మర్చిపోడానికి ఒకరున్నారు చాలు, నూకమ్మ పొద్దున్నే టీ తాగి ఈ కుర్చీలో కూచుంటుంది, ఎనభైయేడులో ప్లాంటు గేటు ముందు తీసిన ఫొటో పెడతాడు, హెల్మెట్, నల్లమీసం, కనుబొమ్మ మీద తాజా గాటు, ఈయనే మా ఆయన అంటుంది, అప్పుడతను తెర పక్కన మొహం ఆనించి కనుబొమ్మ ముడత విప్పి ఆ గాటే చూపిస్తాడు, ఆమె అటు చూసి ఇటు చూసి, ఓలమ్మ, మీరేనేటండీ, ఎంత ముసిలోరైపోయేరు, అని నవ్వుతుంది, ఆ నవ్వొస్తే ఆ రోజు గట్టెక్కినట్టే, అతని చేత్తో ముద్ద తింటుంది, నీళ్లు పోయించుకుంటుంది, రాయపూర్లో కూతురు సత్యశ్రీ ఇంట్లో రెండ్రోజులు ఫొటో లేకపోతే ఏటయింది, పరాయి మగాడెవడో గదిలో ఉన్నాడని బాత్‌రూమ్‌లో దూరి గడియ పెట్టుకుంది, సత్యశ్రీ ఫోన్లో ఉన్నవన్నీ ఈ తెల్లజుట్టు మొహాలే, అవి ఆమెకి పనికిరావు, కాగితం ఫొటోలు కప్పు కారి ట్రంకుపెట్టెలో ముద్దయిపోతూంటే చివరి క్షణంలో స్కాన్ చేసి దాచింది ఇందులోనే కదా, నల్లమీసం గురునాథరావు ఇందులోనే ఉన్నాడు, లోపల, తాళం పడి.

నూకమ్మ వచ్చింది, కుర్చీ పట్టుకు నిలబడింది, మా ఆయన ఫొటో పెట్టలేదేటి, అతను మొహం ముందుకి చాపి కనుబొమ్మ విప్పేడు, ఉత్త మొహమే, పక్కన తెర లేకుండా, ఆమె రెండడుగులు వెనక్కేసి కొంగు భుజం చుట్టూ లాక్కుంది, ఎవరు బాబూ మీరు, బాత్‌రూమ్ తలుపు వైపు ఆ చూపు, ఇంకో క్షణమైతే గడియ పడుతుంది, నోరు దానంతటదే అనేసింది, కంప్యూటర్ బాగుచేసేవాణ్ణమ్మా, అమ్మా అన్నాడు, నలభైయేడేళ్ల కాపరం చేసి, ఆమె కొంగు వదిలింది, అలగా, మరి మా ఆయన్నెరుగుదువా, ఎరక్కపోవడమేటమ్మా, అంతకుముందు మిల్లులో ఇద్దరిదీ ఒకే క్యాబిన్, కాలి బొటనవేలితో మిల్లు ఆపిన మనిషి కదూ, ఆమె పకపకా నవ్వింది, బొటనవేలా, ఆయన మాటలు నమ్మేవేటి పిచ్చోడా, బటన్ నొక్కింది క్యాబిన్లోనే ఉన్న తాతబ్బాయంట, ఈయన టీ మీదొలకబోసుకుని బల్లకింద దూరేడంట, బల్ల అంచు తగిలి కనుబొమ్మ చిట్లింది, ఊళ్లో అందరికీ ఇనుప ముక్క ఎగిరొచ్చి తగిలిందని చెప్పేడు, నిజం నాకొక్కర్తికే, అవునమ్మా బల్లకిందే, నేను కళ్లారా చూసేను, కుడికాలి చెప్పు బయటే ఉండిపోయింది, అని అతనూ నవ్వేడు, ఎంతలా నవ్వేడంటే కళ్లలో నీళ్లొచ్చేయి, అన్నీ ఉన్నాయి ఆమె దగ్గర, గాటుంది, బల్లుంది, ఒలికిన టీ ఉంది, మనిషికే మొహం లేదు.

మరేడీ, ఇంకా రాలేదేటి, అంది నవ్వు ఆపి, ఫస్టు షిఫ్టమ్మా, రెండింటికి దిగి వచ్చేస్తాడు, అన్నాడు, ఎప్పుడూ అతని మాటకి పెదవి విరిచే మనిషి ఈసారి తలూపింది, అయితే నువ్వూ ఉండు బాబూ, ఆయనొచ్చేక ఇద్దరూ తిందురు గాని, నేనొక్కర్తినీ తినను, అని వరండాలోకి పోయి గేటు వైపు మొహం పెట్టి కూచుంది, జుట్టు సవరించుకుంది కూడా, అతను వైరు పీకేడు, ఇప్పుడు, డిస్కు తెచ్చి బీరువాలో పెట్టేడు, వచ్చి ఆమెకి కాస్త దూరంగా, పరాయివాడు కూచోవలసినంత దూరంలో, గడప మీద కూచున్నాడు, రేపూ ఇదే, ఎల్లుండీ ఇదే, రోజూ రెండింటిదాకా, బొటనవేలు అబద్ధమని ఒప్పుకున్నాడు, ఇనుప ముక్క అబద్ధమని ఒప్పుకున్నాడు, బల్లకింద దూరడం నిజం, చెప్పు బయట ఉండిపోడం నిజం, ఆమె మొగుడి గురించి ఈ పూట చెప్పినదాంట్లో కల్పించిందల్లా ఒక్కటే, రెండింటికి వస్తాడన్నది, అదొక్కటే ఆమె నమ్మింది.