కట్టుకున్న చేతులు

ఎడమచేత్తో ముడి వేయడం ఓరెస్ట్ మెల్నిక్‌కు ఆ ఉదయం కూడా చేతకాలేదు. వంటింటి అలమర పిడికి కట్టిన నల్లదారం వేళ్ల సందులోంచి జారిపోతూనే ఉంది. పక్కన కాఫీ చల్లారిపోయింది. ముప్ఫయ్యేళ్లకు పైగా మనుషుల పొట్టలు కోసి కుట్టిన సర్జనుకు అరవై దాటాక ఇదో హోంవర్కు. చదువు చెప్పడమెలాగో సర్జన్లకు నేర్పే తరగతిలో ఇచ్చారు. రాని చేత్తో రోజూ ముడులు వేయాలట, రానివాళ్ల అవస్థ ఏమిటో గుర్తు తెచ్చుకోవాలట.

"అవస్థట, నా బొంద!" అని గొణుక్కుంటూ దారం జేబులో కుక్కుకున్నాడు. చలికి ఇంజను బిగుసుకుపోకుండా రాత్రంతా కరెంటు తీగకు తగిలించి ఉంచిన కారును విప్పి, విన్నిపెగ్ నగరపు మంచులో ఆస్పత్రికి బయల్దేరాడు.

పొడుగాటి మనిషి. బల్లల మీద వంగీ వంగీ మెడ ముందుకు సాగిపోయింది. కడిగీ కడిగీ చేతుల మీద చర్మం పొలుసులు లేచింది. గొప్ప సర్జనని ఎవరూ అనలేదు, చెడ్డవాడనీ అనలేదు. ఆయన కోసిన వాళ్లు బాగుపడి ఇళ్లకు వెళ్లి ఆయన పేరు మరిచిపోయారు. ఆయన గురువు పటకారుతో వేళ్ల కణుపుల మీద కొట్టేవాడు. ఈయన ఎవరినీ కొట్టలేదు, కసరలేదు. జూనియర్ చెయ్యి కాస్త తటపటాయిస్తే చాలు, "ఇటివ్వమ్మా" అని మెత్తగా సూది తీసేసుకునేవాడు, అంతే. తాను మంచి గురువునేనని ఇన్నాళ్లూ నమ్మాడు, పాపం. తీరా చూస్తే జూనియర్లంతా వెళ్లి, ఏ పనీ చివరిదాకా చేయనివ్వడని పైవాళ్లకు మొరపెట్టుకున్నారు. పద్ధతి మార్చుకోకపోతే ఇక ఎవరినీ నీ దగ్గరికి పంపేది లేదని పైవాళ్లు తేల్చి చెప్పి, ఈ తరగతిలో చేర్చారు.

ఇవాళ పరీక్ష. నాలుగేళ్లుగా ఆయన దగ్గరే ఉన్న కొలీన్ సింక్లెయిర్ ఒక హెర్నియా ఆపరేషన్ మొదటినుంచి చివరిదాకా తానే చేయాలి. చేయగలిగితే ఆమె గట్టెక్కుతుంది, చేయనిస్తే ఈయన గట్టెక్కుతాడు. తరగతి నడిపే జూడిత్ పాంక్రాట్జ్ గోడవారగా నిలబడి చూస్తోంది. ఒకప్పుడు ఆమె కూడా ఆయన జూనియరే.

"చేతులు కట్టుకోండి సార్. నోటితో ఎంతైనా చెప్పండి. పేషెంటుకి ప్రమాదమైతే తప్ప విప్పకూడదు."

"తెలుసులే తల్లీ, ఎన్నిసార్లు చెప్తావు?"

గ్లవ్స్ తొడిగిన చేతులు రొమ్ముకు ఆనించి కట్టుకున్నాడు. నర్సు బెర్నీస్ మాస్కులోంచి నవ్వింది. "ఎవరు కొట్టారేంటి డాక్టరూ, బుద్ధిగా నిలబడ్డారు?"

కొలీన్ బాగా కోసింది. పొరలన్నీ తీరుగా విడదీసింది, రక్తం చిందనివ్వలేదు. ఈ పిల్లకు ఇంత పని వచ్చా అని ఓరెస్ట్‌కు ఆశ్చర్యమూ ముచ్చటా వేశాయి. తర్వాత పొట్ట గోడలో చిల్లు మీద సన్నటి వల అమర్చి, మొదటి కుట్టుకు సూది ఆనించి, ఆగింది.

ఆయన వేళ్లు జిలపెట్టాయి. బిగపట్టుకున్నాడు.

"సరైన చోటే ఉందమ్మా. కానివ్వు."

ఆమె కదలలేదు.

"మణికట్టు తిప్పు, చాలు."

కొలీన్ సూదిని పటకారుతో సహా ఆయన వైపు చాచింది. "తీసుకోండి సార్."

"నేను అడగలేదే!"

"తెలుసు సార్. రావట్లేదు. మొన్న జూడిత్ మేడమ్ దగ్గర చేసినప్పుడూ ఇక్కడే ఆగిపోయాను. చెయ్యి మీకోసం చూస్తుంది."

నాలుగేళ్లూ సరిగ్గా ఇక్కడే ఆయన సూది తీసుకున్నాడు. ఆ చేతికి ఇక్కడివరకే దారి తెలుసు.

"నువ్వే వెయ్యి. ఎంతసేపైనా ఆగుతాను," అన్నాడు. ఆగాడు కూడా. మత్తులో ఉన్న మనిషి ఎంతసేపని ఆగుతాడు?

"ఇక చాలు సార్, కానివ్వండి," అంది జూడిత్ చివరికి. ఆయన చేతులు విప్పి సూది అందుకున్నాడు. కుట్లు ఎప్పట్లాగే అందంగా పడ్డాయి. వాటిని చూస్తే ఆయనకు ఒళ్లు మండింది.

బయట చేతులు కడుక్కునే చోట జూడిత్ మెల్లగా అంది, "మీరు నెగ్గారు సార్. చెప్పేదాకా చేతులు విప్పలేదు."

"నెగ్గానా?" అన్నాడు ఓరెస్ట్.

సాయంత్రం జూనియర్ల గది గుమ్మంలోనే కొలీన్ ఎదురైంది. కోటు వేసుకుని, భుజాన సంచి తగిలించుకుని ఉంది.

"రేపు పెందలాడే రా అమ్మా. రోజూ చేతులు కట్టుకునే నిలబడతాను. నేర్చుకుందాం, ఇద్దరం."

"రేపు రాను సార్. ఇక రాను. సర్జరీ మానేస్తున్నానని పైవాళ్లకు చెప్పేశాను."

"ఒక్క నెల చూడు..."

"నాలుగేళ్లు చూశాను సార్." ఆమె కళ్లు తడిగా ఉన్నా గొంతు మామూలుగానే ఉంది. "మీరు చాలా మంచివారు. ఎప్పుడూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది, ఎదురు తిరిగి నేర్చుకునేదాన్ని."

ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆయన ఖాళీ గదిలోకి నడిచి, ఆమె కుర్చీ ముందు నిలబడ్డాడు. కుర్చీ చేతికి నల్లదారం వేలాడుతోంది. ఖాళీ దొరికినప్పుడల్లా ఆమె వేసుకున్న ముడులు వరసగా, ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. అలవాటుకొద్దీ ఆయన చెయ్యి ముందుకు వెళ్లింది. సగంలో ఆపుకుని, రెండు చేతులూ కట్టుకున్నాడు.

దారం కొసన చివరి ముడి మాత్రం బిగించకుండా వదులుగా ఉంది.