గుర్రం గుర్తు సైకిల్

రాయమల్లు ఏడు రోజులు సైకిల్ దిగడు. ఈ మాట కరీంనగర్ జిల్లాలో ఎవరిని అడిగినా చెబుతారు. హుజూరాబాద్ మొదలుకొని మంథని దాకా ఎక్కడ జాతర జరిగినా మైదానంలో గుండ్రంగా గుంజలు పాతి, రంగు కాగితాలు కట్టి, ఆ గిరిలో ఆయన గిరగిరా తిరుగుతూ ఉండాల్సిందే. సైకిల్ మీదే అన్నం తినేవాడు, సైకిల్ మీదే బిందెడు నీళ్ళు పోసుకునేవాడు. మిగతా పనులు ఎక్కడ కానిస్తాడని పిల్లలు అడిగితే పెద్దవాళ్ళు నెత్తిన ఒకటి మొట్టి, దండం పెట్టుకోమనేవారు.

ఆయన దిగడన్నది పచ్చి అబద్ధమని లోకంలో ఇంకొక్క మనిషికే తెలుసు. ఆ మనిషి ఆయన పెళ్ళాం కిష్టవ్వ. పగలంతా మైకు పట్టుకుని "సైకిల్ వీరుని సూడుండ్రి, చక్రం ఆగది, కాలు భూమికి తగలది" అని గొంతు చించుకునేది ఆమె. సైకిల్ తిరుగుతుండగానే పక్కన ఉరుకుతూ గొలుసుకు నూనె పోసేది, నట్లు బిగించేది ఆమె. జనం ఇళ్ళకు పోయి పడుకున్నాక ఆయన ప్యాంటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, మఫ్లరు ముక్కు దాకా చుట్టుకుని తెల్లవారేదాకా తొక్కేది కూడా ఆమే. ఆ సేపంతా వీరుడు డేరాలో గురక పెట్టేవాడు. ఎన్నేళ్ళు తిరిగినా ఎవడూ పట్టలేదు. సగం నిద్రలో టోపీని చూసేవాడు దాని కింద మొహాన్ని ఏం చూస్తాడు?

ఇట్లా బండి నడుస్తుంటే ఎనభై ఆరులో దుబాయి వచ్చి అడ్డం పడింది. అక్కడ కాంపుల్లో ఉండే మన జిల్లా కూలీలంతా కలిసి, దసరాకు రాయమల్లును పిలిపించి ఏడు రోజులు సైకిల్ తొక్కించాలని తీర్మానం చేశారు. ఆ కబురు పట్టుకుని కరీంనగర్ నుంచి ఏజెంటు సిరిసిల్లలోని వాళ్ళ ఇంటికి వచ్చాడు. టికెట్టు ఒక మనిషికి, ఒక సైకిల్‌కు.

"మరి నాకు?" అన్నది కిష్టవ్వ, ఏజెంటు అటు పోగానే.

"నువ్వెందుకే? మైకు ఆడ ఉన్నోళ్ళే సూసుకుంటరట."

"మైకు సంగతి గాదు. రాత్రి సంగతి."

రాయమల్లు ఇంటి వాసాలు లెక్కపెట్టాడు. "దుబాయిల రాత్రి జర సల్లగుంటదట," అన్నాడు చివరికి.

కిష్టవ్వకు కడుపు మండిపోయింది. ఆమెకు విమానం మీద మోజేమీ లేదు. బస్సు ఎక్కితేనే కొండగట్టు మలుపుల్లో వాంతులు చేసుకునే మనిషి. అసలు మంట ఏమిటంటే, ఆ ఇనుప ముక్కను లెక్కలోకి తీసుకుని టికెట్టు కొన్నారు, దాన్ని సగం సేపు తొక్కిన తనను మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. కూలీలకంటే తెలియదు, పోనీ. తెలిసిన ఒక్క మగాడు కూడా నోరు మెదపలేదు. దానికి తోడు హుస్నాబాద్ జాతరకు ఒప్పుకున్న ఆటను ఆయన ఉన్నపళంగా వదిలేశాడు. అక్కడి ఉత్సవ కమిటీ పెద్ద బాలకిషన్‌రావు ఇంటి ముందు జీపు ఆపి, దిగకుండానే నాలుగు తిట్టి పోయాడు. ఆ తిట్లు కూడా కిష్టవ్వే విన్నది. వీరుడు ఆ సమయానికి ప్యాంటు కుట్టించుకోవడానికి పోయాడు.

సైకిల్‌ను ఉన్నది ఉన్నట్టు విమానంలో పెట్టనివ్వరని ఏజెంటు చెప్పి పోయాడు. విప్పాలి, మొనలేమీ బయటికి పొడుచుకు రాకుండా కట్టాలి, టైర్లలో గాలి తీసేయాలి. రాయమల్లు పానా తీసుకుని అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కుడివైపు పెడలు ఊడింది. ఎడమవైపుది ఎంత తిప్పినా ఇంకా బిగుసుకుంటూ పోయింది. చెమటలు కక్కుతూ, దుబాయిని, సైకిల్ చేసినవాడిని, వాడి తల్లిని వరసగా తిట్టాడు.

"అది ఎదురు తిరుగుడు. జరుగు," అని కిష్టవ్వ పానా లాక్కుంది. "ఇన్నేండ్లు మీద కూసున్నవ్ గని కింద ఏమున్నదో సూసినవా?"

ఎడమ పెడలు ఒక్క గుంజుకు వదిలింది. హ్యాండిల్ వదులు చేసి పక్కకు తిప్పి నడిమి గొట్టానికి కట్టింది. సీటు కిందికి దించింది. ముందు చక్రం తీశాక దాన్ని పట్టుకునే రెండు ఇనుప కాళ్ళు ఒత్తుకుపోయి వంకర పోతాయని, మరమగ్గంలో నూలు చుట్టే కండె ఒకటి కొలతకు కోసి మధ్యలో ఇరికించింది. గొలుసుకు నూనెగుడ్డ చుట్టింది. నట్లన్నీ ఒక గుడ్డలో మూట కట్టి సీటు కిందే బిగించింది. ఇంత కోపంలోనూ చేతులు పనిని పాడు చేయలేకపోవడం ఆమెకే చిరాకు పుట్టించింది. కావాలంటే ఒక నట్టు దాచేసి, దుబాయిలో ఆయన కింద పడితే పండుగ చేసుకోవచ్చు. ఆ ఆలోచన వచ్చింది కూడా. నట్టు చేతిలోకి తీసుకుని, నాలుక కరుచుకుని, మళ్ళీ మూటలోనే వేసింది.

గాలి తీసేటప్పుడు రాయమల్లు అడ్డం వచ్చాడు. "గాలి లేకుంట పంపుడు అపశకునం గాదే?"

"ఆకాశంల పగిలితే శకునం మంచిగుంటదా?" అని ఆమె వాల్వు వదిలింది. సైకిల్ బుస్సుమని కూలబడింది.

ఇక పైన కట్టడానికి కిష్టవ్వ అన్న కైలాసం దిగాడు. సిరిసిల్లలో మరమగ్గాల మీద నేసిన లంగా గుడ్డను బేళ్ళు కట్టి, గోనెపట్టా చుట్టి, దబ్బనంతో కుట్టడం ఆయన పని. ఆయన కుట్టిన బేలు గోదావరిలో పడేసినా లోపల గుడ్డ తడవదని చెప్పుకునేవాడు. అయితే ఎవరూ పడేసి చూడలేదు. సైకిల్‌ను మగ్గాల షెడ్డుకు మోయించుకుపోయి, సందు సందులో చింపిరి గుడ్డ కుక్కి, అటూ ఇటూ అట్టలు పెట్టి, గోనె చుట్టి, నలుచదరంగా కుట్టి పడేశాడు. లోపల సైకిల్ ఉందంటే దాన్ని కన్న కంపెనీ కూడా నమ్మదు. పక్కన ఉన్న లంగా గుడ్డ బేళ్ళు దానికి తోబుట్టువుల్లాగే ఉన్నాయి. ఆ వారం, గుడ్డ కొనే కరీంనగర్ సేటు చిన్న బేళ్ళు అడగడం వల్ల కొలత కూడా కుదిరింది.

అక్కడితో ఆగితే అయిపోయేది. కానీ కైలాసం నియమం గల మనిషి. గుర్తు వేయని బేలు ఆయన చేతి కింద నుంచి ఏనాడూ గడప దాటలేదు. గుర్తు లేనిదాన్ని దొంగ సరుకని దారిలో ఎవడైనా ఆపుతాడు. హమాలీలు చదివేది పేరు కాదు, గుర్తు. విమానం దగ్గర మాత్రం హమాలీలు ఉండరా? ఆయన దగ్గర ఉన్నది ఒకే ఒక్క రేకు అచ్చు, సేటుది, గుర్రం బొమ్మ. దాన్ని బేలు మీద పెట్టి నీలిరంగులో ముంచిన కుచ్చుతో కొట్టాడు.

"మంచిగొచ్చిందా బావ?" అన్నాడు.

"జోరున్నది," అన్నాడు రాయమల్లు. దుబాయిలో తాను గుర్రమెక్కి దిగినట్టు ఊహించుకున్నాడు కాబోలు.

పొద్దున ఆయన బొంబాయి బస్సు ఎక్కేటప్పుడు కిష్టవ్వ పోలేదు. కడుపునొప్పి అని చాప మీద అటు తిరిగి పడుకుంది. ఆయన గడపలో కాసేపు నిలబడి, ఏదో చెప్పబోయి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. షెడ్డు దగ్గర కైలాసం చాయ్‌కి పోయి ఉన్నాడు. "గుర్రం గుర్తుది," అన్నాడు రాయమల్లు. హమాలీ గుర్రం గుర్తుది ఎత్తి బస్సు మీద వేశాడు. తప్పు వాడిది కాదు, అక్కడ ఉన్నవన్నీ గుర్రాలే.

కరీంనగర్‌లో సేటు గోదాం గుమాస్తా బేళ్ళు విప్పుతూ, ఒకదానిలో నుంచి సైకిల్ సీటు బయటపడేసరికి గావుకేక పెట్టాడు. ఆ కబురు తెలిసి కైలాసం చెల్లెలి ఇంటికి ఉరికి వచ్చాడు.

"చెల్లె, కొంప మునిగింది. సైకిల్ సేటు కాడున్నది. బావ లంగా గుడ్డ పట్టుకపోయిండు."

కిష్టవ్వ మొదట అర్థం కాక చూసింది. అర్థమయ్యాక గోడకు ఆనుకుని, పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ అట్లాగే ఏడుపులోకి జారింది. భాష రాని దేశంలో, విమానం ముందు, లంగాల మూట నెత్తిన పెట్టుకుని ఆ మొద్దు మనిషి ఏం చేస్తున్నాడో. పొద్దున లేచి ఒక మాట చెప్పి పంపినా బాగుండేది. కైలాసం కూడా ఏడవబోతే, "నువ్వేడుస్తె ఎట్లనే అన్న, పోయి సైకిల్ పట్టుకరా," అని కసిరింది.

సైకిల్ వచ్చింది. విప్పిన చేతులే మళ్ళీ బిగించాయి. చక్రాలకు గాలి కొట్టి, వాకిట్లో స్టాండు వేసి, కిష్టవ్వ దాన్ని చాలాసేపు చూసింది. ఎక్కేవాడు లేని సైకిల్, ఆట లేని హుస్నాబాద్ జాతర. ఆ రెండింటినీ కలిపితే ఏమవుతుందో ఆమెకు ఒక్కసారిగా తోచింది. చీర మార్చుకుని నేరుగా హుస్నాబాద్ పోయింది.

"మా ఆయన రాడు దొరా. నేను తొక్కుత," అన్నది బాలకిషన్‌రావుతో.

బాలకిషన్‌రావు నోట్లో పాన్ ఆగిపోయింది. "ఆడిమనిషివి. ఏడు దినాలు దిగకుంట తొక్కుతవా?"

"మీ ఫికర్ మీకొద్దు. బోర్డు మీద నా పేరు మాత్రం పెద్దగ రాయించుండ్రి."

కాసె పోసి చీర కట్టి, కొంగు నడుముకు దోపి, పట్టపగలు నలుగురి ముందు కిష్టవ్వ సైకిల్ ఎక్కింది. మఫ్లరు లేదు, టోపీ లేదు. మొహానికి ఎండ తగిలింది. మొదటి చుట్టులో హ్యాండిల్ అటూ ఇటూ పోయింది. నాలుగు చుట్లు తిరిగేసరికి, ఇన్నేళ్ళు చీకట్లో తొక్కిన దారే కదా అనిపించింది. రాయమల్లును చూడ్డానికి ఎప్పుడూ రానంత జనం వచ్చారు. వడ్లు ఆరబోసిన ఆడవాళ్ళు వాటిని కోళ్ళకు వదిలేసి వచ్చారు. ఒక ముసలమ్మ గిరి అంచున కూర్చుని, ఆమె ముందు నుంచి పోయినప్పుడల్లా "తొక్కు బిడ్డ," అంటూ ఉంది. పగలు తొక్కితే ఇట్లా ఉంటుందని రాయమల్లు ఒక్కసారి కూడా ఆమెకు చెప్పలేదు.

ఒక్కటే భయం. రాత్రికి తొక్కే కాళ్ళు మారవు. మొదటి రాత్రి ఎట్లాగో పళ్ళు కరుచుకుని లాగింది. తెల్లారేసరికి పిక్కలు రాళ్ళయ్యాయి. రెండో రోజు మధ్యాహ్నానికి గుంజలు రెండేసి కనబడటం మొదలైంది. ఈ రాత్రికి పడిపోతుంది. పడితే ఆడమనిషి పడిందనే అంటారు, ఇంకేమీ అనరు.

సరిగ్గా అప్పుడు బోర్డు ముందు నోరు తెరుచుకుని నిలబడ్డ మనిషిని చూసింది. భుజం మీద కుట్లు ఊడిన బేలు, దానిలో నుంచి వేలాడుతున్న ఎర్రటి లంగా గుడ్డ. రాయమల్లు బేలు అక్కడే పడేసి, గుంజలకు కట్టిన తాడు కింద దూరి వచ్చి, సైకిల్ పక్కన ఉరకసాగాడు.

"దుబాయి పోలేదా?" అన్నది కిష్టవ్వ, ఎదురుగా చూస్తూనే.

"బొంబాయి నుంచే మర్లిన, ఇంటికి తాళముంటె అడిగి ఈడికొచ్చిన. ఆడ విమానం కాడ మూట విప్పిండ్రు. ఆ సాబ్ గుడ్డ గుంజుతనే ఉన్నడు, ఒడుస్తనే లేదు. ఎంతమంది పెండ్లాలని అడిగిండు."

ఆమెకు నవ్వొచ్చి హ్యాండిల్ వంకర పోయింది. సర్దుకుంది. "ఏజెంటు ఏమన్నడు?"

"ఏమంటడు. ఆడ వేరే సైకిల్ ఇప్పిస్త, నువ్వు ఎక్కు అన్నడు."

"మరి ఎక్కకపోయినవ్?"

రాయమల్లు రొప్పుతూ సగం గిరి దాకా ఉరికాడు. "సైకిల్ ఇస్తరు," అన్నాడు. "నిన్నిస్తరా? నువ్వు లేకుంటె నేను ఒక్క రాత్రి ఆగ. అది గడపల నిలబడ్డప్పుడే చెప్దామనుకున్న. నోరు రాలే."

కిష్టవ్వకు కళ్ళు మసకబారాయి. ఈ మాట కోసం ఎన్ని జాతరలు తిరిగింది. చేతులు ఖాళీగా ఉంటే మొహం కప్పుకునేది. కానీ ఇప్పుడు మెత్తబడితే రేపటి నుంచి మళ్ళీ మైకే గతి అని ఆమెకు తెలుసు.

"మైకు కాడికి పో," అన్నది. "జనం సూస్తుండ్రు."

ఆయన పోయి మైకు పట్టుకున్నాడు. రెండుసార్లు దగ్గాడు. "సూడుండ్రి," అన్నాడు. "తొక్కేది కిష్టవ్వ. నా పెండ్లాం. నాకంటె మంచిగ తొక్కుతది." ముసలమ్మ చప్పట్లు కొట్టింది. బాలకిషన్‌రావు పాన్ ఉమ్మి తానూ కొట్టాడు.

పొద్దు వాలుతుండగా రాయమల్లు మళ్ళీ పక్కకు వచ్చాడు. "కాళ్ళు వణుకుతున్నయి నీకు. రాత్రికి నేనెక్కుత, నువ్వు పండుకో."

"పండుకుంట. బోర్డు మీద నా పేరున్నది, యాది పెట్టుకో. డేరాల సంచిల నా ఇంకో చీర ఉన్నది. కాసె పోసి కట్టుకో, ముసుగు నిండ కప్పుకో."

రాయమల్లు ఉరుకుతూనే మూతి తడుముకున్నాడు. "మీసం కనపడదా?"

"కనపడతది," అన్నది కిష్టవ్వ, పెడలు తొక్కుతూనే.

ఇంకో చుట్టు తిరిగి వచ్చేసరికి ఆయన డేరా గుంజకు అద్దం తగిలించి, మూతికి సబ్బు నురగ పూసుకుంటున్నాడు.