కోడి తొక్కిన ఆరో లెక్క

ఫస్లీ 1352, ఫర్వర్ది ఐదో తేదీ. అంటే 1943 ఫిబ్రవరి. ఆ పొద్దున జొన్నరొట్టె, పుంటికూర తిని బడికి వెళ్లాను. నా భార్య పోయి మూడేళ్లు కావస్తోంది. రొట్టె అంచు మాడకుండా కాల్చడం అప్పటికి చేతనయింది.

నేను పంతులుగా ఉన్న ఆత్మకూరు బడిలో మా పెద్దసారు కురుమూర్తిగారిది ఒకటే మాట: "ఇంటిలెక్కలు జేసినోడే పాసయితడు." నెలరోజుల ఇంటిలెక్కలు చూపినవాళ్లనే వనపర్తి పెద్దబడి ప్రవేశపరీక్షకు పంపాలన్నారు. జాబితా మరునాడే వెళ్లాలి. అందులో మణెమ్మ పేరు లేదు.

మణెమ్మ తల్లిదండ్రులు దానియేలు, ఎస్తేరమ్మ కూలికి పోతారు. ఆ పిల్ల పలక పగిలి నెల దాటింది. యుద్ధం వల్ల కాగితం దొరకడం లేదు. రోజూ "చేసిన సారూ" అనేది. ఖాళీ చేతులు చూసి నేను సున్నా వేసేవాణ్ణి. ఆ రోజు మాత్రం ఎందుకో అడిగాను.

"చేస్తే ఏవి?"

"ఇంట్ల నేల మీదున్నయి సారూ. చెప్తా."

కళ్లు మూసుకుంది. "అయిదో లెక్క. నాలుగొందల ముప్పై రెండును పదెనిమిదితోని భాగించాలె. పదెనిమిది రెండ్లు ముప్పై ఆరు. నలభై మూడుల ముప్పై ఆరు పోతే ఏడు. పక్కన రెండు దించితే డెబ్బై రెండు. పదెనిమిది నాలుగులు డెబ్బై రెండు. జవాబు ఇరవై నాలుగు." ఊపిరి తీసుకుంది. "ఆరో లెక్క..." అక్కడ ఆగిపోయింది. "సారూ, గీడ కోడి తొక్కింది. జవాబుల ఎనకది ఆరు. ముంగటిది కనిపిస్తలేదు."

పిల్లలు గొల్లుమన్నారు. "కోడిని తోల్కరాయే మణెమ్మా, గదే చెప్తది!" అన్నాడొకడు.

"మళ్లీ చేసి చెప్పరాదూ?" అన్నాను.

"ఈడ జేస్తే గది ఇంటిలెక్క గాదు గద సారూ."

సాయంత్రం వాళ్లింటికి నడిచాను.

ఒక్కటే గది. పేడతో అలికిన నేల మీద గోడ నుంచి గోడ దాకా సుద్దగడ్డతో రాసిన లెక్కలు, వరుస తప్పకుండా. ఒక గోడ వెంట మాత్రం అడుగు పట్టేంత దారి వదిలారు. పొయ్యి బయటికి వచ్చింది. బియ్యపు కుండ, గొంగళ్లు, నులకమంచం అన్నీ వాకిట్లోనే ఉన్నాయి. ఆరో లెక్క మీద మూడువేళ్ల గుర్తులు బారుగా సాగిపోయాయి.

"దీనికి నోటికొచ్చేదాంక అలుకొద్దంటది సారూ," అంది ఎస్తేరమ్మ. "ఒకనాటి లెక్కలు నోటికొస్తె అలుకుత, మళ్ల రాస్తది. నాకైతే ఒక్క అంకె తెల్వదు. తొక్కొద్దని మటుకు ఎరుకే."

"మరి మీరెక్కడ పడుకుంటున్నారు?"

"వాకిట్ల. జర చలి, గంతే."

నేను గడప బయటే నిలబడి నేల మీది లెక్కలన్నీ చదివాను. ఒక్క తప్పు లేదు. "ఎస్తేరమ్మా, రేపు జాబితాలో నీ బిడ్డ పేరు మొదట రాస్తాను. పెద్దసారుకు నేను చెప్పుకుంటాను. ఇక చూపించాల్సింది ఏమీ లేదు. లోపలే పడుకోండి."

ఆమె కూతురి వైపు చూసింది. మణెమ్మ గడపలో కూర్చుని, పెదవులు కదుపుతూ చివరి వరుస చదువుకుంటోంది.

"ఇంగ నాలుగు నోటికి రావాలెనట సారూ. పొద్దుగాల చూసుకుంటది." ఎస్తేరమ్మ బిడ్డను చెయ్యి పట్టి లేపింది. కోళ్లను తోలి గంప కింద మూసింది. తర్వాత లెక్కలను లోపలే ఉంచి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది.