విన్నవారి మాట

తిరుత్తణిలో ఒక అద్దెగదిలో ఒంటరిగా ఉంటూ శేషాద్రి రెండేళ్లుగా బైబిలు పత్రికలను, అంటే అపొస్తలులనే తొలి క్రైస్తవ బోధకులు రాసిన ఉత్తరాలను, సరిహద్దు ఊళ్ల తెలుగులోకి మారుస్తున్నాడు. విశ్వాసమే మనిషిని నీతిమంతుణ్ణి చేస్తుందని ఒక అపొస్తలుడంటాడు. క్రియలు లేని విశ్వాసం పీనుగుతో సమానమని ఇంకొకాయనంటాడు. ఇద్దరి మధ్యా నలిగి శేషాద్రికి తల బొప్పి కట్టింది.

అనువాదం అచ్చుకు పోవాలంటే ఒక నియమం ఉంది. ఆ వాక్యం ఎన్నడూ వినని మనిషికి చదివి వినిపించాలి. ఆ మనిషి దాన్ని తన మాటల్లో తిరిగి చెప్పాలి. చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలే తప్ప అడ్డు తగలకూడదు, దిద్దకూడదు. చర్చిలో అందరికీ ఆ వాక్యాలు కంఠతా వచ్చు. వెతగ్గా వెతగ్గా పళ్ళిపట్టులో ఉన్న అక్క వజ్రమ్మ గుర్తొచ్చింది. గుర్తొచ్చిందనడం కూడా అబద్ధమే. బాప్తిస్మం పుచ్చుకున్న ఈ తొమ్మిదేళ్లలో ఆమెను మరిచిన రోజు లేదు. గడప తొక్కే ముఖమే లేకపోయింది. ఇప్పుడు కాగితాల సాకు దొరికింది. అక్క ఒక్కసారి ‘తమ్ముడూ’ అంటే చాలనుకుంటూ బస్సెక్కాడు.

వరండాలో వేరుశనక్కాయలు ఒలుస్తున్న వజ్రమ్మ తలెత్తింది.

“నువ్వా,” అంది.

“ఒకటి చదువుతానక్కా. విని, నీకేం తెలిసిందో చెప్పు.”

“చదువు.”

కూడూ గుడ్డా లేని తోబుట్టువుతో ‘చల్లగా ఉండు, కడుపు నింపుకో’ అని చెప్పి, చేత్తో ఏమీ ఇవ్వకుండా పంపేసేవాడి సంగతి చదివాడు. ఆమె ఒలవడం ఆపింది.

“తెలిసింది. మీ బావ పోయినప్పుడు నువ్వు ఫోన్ చేస్తివి. నీకోసం ప్రార్థన చేస్తా ఉండానక్కా అంటివి. పాడె మొయ్యను తమ్ముడు యాడ అని ఊరంతా అడిగినారు. పక్కింటి వేలాయుధం మోసినాడు. ఆయప్పకు నీ దేవుడు తెలీదు, మనకు చుట్టమూ కాదు. నీ ప్రార్థన ఆ పొద్దే చచ్చింది. ఇదేనా నీ కాగితంలో ఉండేది?”

పాడె దగ్గరికి వస్తే చర్చి సంఘం ఏమంటుందోనని భయపడ్డానక్కా అని నోటిదాకా వచ్చింది. కానీ అడ్డు తగలకూడదు. ఒక్కో మాటా రాసుకున్నాడు. ‘విన్నవారికి అర్థమైందా?’ అన్న గడిలో అవునని గుర్తు పెట్టాడు. రెండేళ్ల పనిలో ఇంత బాగా కుదిరిన అనువాదం ఇదొక్కటే. అతనికి ఏడుపొచ్చింది.

“అక్కా, ఈ పూట ఇక్కడే ఉండిపోనా?”

వజ్రమ్మ చాట ఒళ్లోకి లాక్కుంది.

“పని మీద వచ్చినావు. పనైపోయింది కదా. బస్సుకు పో.”