పాతరలో మిగిలిన మేత

ఊళ్లో అందరూ గింజలాయన అని పిలిచే ఆ పెద్దమనిషికి ఆ పేరు ఊరికే రాలేదు. బస్తా ఎత్తేటప్పుడు నాలుగు గింజలు రాలితే మోకాళ్ల మీద కూర్చుని ఏరేవాడు. ఒకసారి తూకాల దుకాణం ముందు బండల సందులో ఇరుక్కున్న గింజల్ని పుల్లతో పెకలించి తీస్తుంటే, దుకాణం అతను "ఇంకోటుంది చూడండి పెద్దాయనా, మీ చెప్పు కింద" అన్నాడట. ఆయన చెప్పు ఎత్తి చూశాడట. ఆ సంగతి ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. ఆయనది పిసినారితనం మాత్రం కాదు. ఏరిన గింజల్ని పిట్టలకు చల్లేవాడు. దేవుడు పండించినదాన్ని నేలపాలు చేస్తే ఆ లెక్క మనమే చెప్పుకోవాలని ఆయన నమ్మకం. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు కూడా ఆయన అడిగేది అదొక్కటే: నా చేతుల్లోంచి ఏదీ వృథా పోకుండా చూడు స్వామీ అని.

ఆయన పెద్దకోడలు ఆ ఇంటికొచ్చి పదకొండేళ్లయింది. ఆ పదకొండేళ్లలో ఆమె చేతులతో బండెక్కించిన గొర్రెపిల్లలు ఎన్నో. ఆ నేల మీద ఏడాదికి ఏడెనిమిది నెలలు వాన ముఖం కనిపించదు. పిల్లలు పాలు మరిచే వేళకి బయట పచ్చపరక ఉండదు, తల్లుల పొదుగులు ఎండిపోతాయి. చచ్చేలోపు అమ్మేయడం మేలని మామగారు ఏటా వాటిని తోలేసేవాడు. ఎత్తుకుంటే ఈక బరువు ఉండేవి. పక్కటెముకలు వేళ్లకి తగిలేవి. ఆ రోజుల్లో ఆమెకి ముద్ద దిగేది కాదు.

ఆ ఏడు పశువుల ఆసుపత్రిలో మూడు రోజుల శిక్షణ పెడితే ఆమె వెళ్లింది. పచ్చిమేతను గాలి తగలకుండా పాతరలో తొక్కి మాగబెడితే ఎండాకాలమంతా పనికొస్తుందని అక్కడ నేర్పారు. ఇంటికొచ్చి మామగారిని అడిగింది. ఆయన చాలాసేపు గడ్డం గోక్కుని ఒప్పందం చెప్పాడు. వానలు పడేదాకా పిల్లల్ని నిలబెడితే మంద ఆమె చేతికిస్తాడు. నిలబెట్టలేకపోతే ఉన్నవాటిని తోలేస్తాడు, ఇక ఆమె మంద ఊసెత్తకూడదు. నీళ్ల ట్యాంకరు నడిపే ఆమె మొగుడు మధ్యలో కూర్చుని తల ఇటూ అటూ తిప్పాడు, ఇద్దరికీ ఊఁ కొట్టాడు.

దొడ్డి వెనక ఛాతీలోతు గొయ్యి తవ్వించింది. వాన మీద పండిన మొక్కజొన్న, గింజ పాలు పట్టి కాస్త గట్టిపడుతున్నప్పుడు కోయించి, ఒక పూట వాడనిచ్చి, ముక్కలు కొట్టించింది. జానెడు మందం పరవడం, బెల్లం నీళ్లు చల్లడం, తొక్కడం. పక్కింటి కుట్టుమిషన్ వదిన సాయమొచ్చింది. ఆవిడకి రెండు మేకలున్నాయి. ఇది కుదిరితే వచ్చే ఏడు తనూ ఓ గొయ్యి తవ్వుకుందామని ఆవిడ ఆశ. ఇద్దరూ ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని రోజంతా తొక్కారు. మామగారు గట్టున నిలబడి, "శవాన్ని పూడ్చినట్టు పూడుస్తున్నారు, రేపు తవ్వితే పురుగులే" అన్నాడు. కుట్టుమిషన్ వదిన తొక్కుడు ఆపకుండా, "అయితే మీరొచ్చి తల దగ్గర నిలబడండి బాబాయ్, ఏడవడానికి ఎవరో ఒకరుండాలిగా" అంది. పైన ప్లాస్టిక్ పట్టా కప్పి, దాని మీద మట్టి పోసి మెత్తారు.

నలభై అయిదు రోజులు పోయాక ఒక కొసన తెరిచారు. పుల్లపుల్లగా, తియ్యతియ్యగా వాసన వచ్చింది. ముదురు పసుపులోకి తిరిగిన మేత చేతికి చల్లగా తగిలింది. మూడు నెలలు దాటిన పిల్లలకు ముందు పిడికెడు, ఎండుగడ్డిలో కలిపి పెట్టింది. మొదటి రోజు మూతి తిప్పుకున్నాయి. నాలుగో రోజుకి గంప కనిపిస్తే ఆమె కాళ్లకి అడ్డం పడ్డాయి. ఇరవైమూడు పిల్లలు. నెల తిరిగేసరికి వీపు మీద చెయ్యి వేస్తే ఎముక తగల్లేదు. ఎండలు మండుతున్న రోజుల్లో గొర్రెపిల్ల గంతులెయ్యడం ఆ దొడ్డిలో ఎవరూ చూసి ఎరగరు.

చిక్కు అక్కడే మొదలయింది. మామగారు పాతరకి భక్తుడైపోయాడు. ఇంటికెవరొచ్చినా కూర్చోమనకముందే చెయ్యి పట్టుకుని దొడ్డి వెనక్కి తీసుకెళ్లేవాడు. పట్టా ఎత్తి, "చెయ్యి పెట్టు, పెట్టు, వాసన చూడు" అనేవాడు. పోస్టుమాన్ చూశాడు, మంగలి చూశాడు, కరెంటు బిల్లు రాసే అతను రెండుసార్లు చూశాడు. మాటల్లో పడి పట్టా దించడం మరిచిపోయేవాడు. పాతరని రోజుకొక్కసారి తెరవాలి, అడ్డంగా ఒక జానెడు కోసుకుని వెంటనే మూసెయ్యాలి, గాలి తగిలితే మేత చెడుతుంది. అది ఆమెకి తెలుసు. చెప్పడం ఎలా? పదకొండేళ్లలో మామగారు తన పనిని మెచ్చుకోవడం అదే మొదలు. ఆ మెప్పు మీద నీళ్లు చల్లడానికి నోరు రాలేదు. మొగుడితో చెబితే "నువ్వే చెప్పు, నీ మాటైతే వింటాడు" అని స్టీరింగు తుడుచుకున్నాడు.

కొన్నాళ్లకి తెరిచిన ముఖం మీద తెల్లగా, నీలంగా బూజు మచ్చలు కనిపించాయి. చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. ఆమె ఎవరితోనూ అనలేదు. పొద్దున్నే అందరికన్నా ముందు లేచి, బూజు పట్టిన పై పొర గీకి తీసేసి, గంపలో వేసుకుని గోడ అవతల పెంటకుప్ప మీద పారేసేది. లోపలి చల్లని మేతనే పిల్లలకు పెట్టేది. అలా మూడు వారాలు. పెద్దాయన మనసు నొచ్చుకోలేదు, పిల్లలకు కీడు జరగలేదు, ఇంతకన్నా ఒబ్బిడిగా ఏం చెయ్యగలను అనుకుంది. దణ్ణం పెట్టుకునేటప్పుడు అదే దేవుడికీ చెప్పుకుంది.

ఆ రోజుల్లోనే మామగారు మందలో వెనకబడ్డ తొమ్మిది పిల్లల్ని పక్కదొడ్లోకి వేరుచేశాడు. పెద్దవాటి తోపుడులో వీటికి మేత అందట్లేదని, తనే దగ్గరుండి చూసుకుంటానని అన్నాడు. ఆమె మురిసిపోయింది.

మొదట ఆ పక్కదొడ్డిలోని నల్లచెవి పిల్లకి ఒక చెవి వాలిపోయింది. మూతి ఒక పక్కకి వంకరపోయి చొంగ కారింది. గుంజ చుట్టూ కట్టినట్టు ఒకే వైపుకి తిరిగింది, గుంజ లేదు, తాడూ లేదు. తిరిగి తిరిగి గోడకి తల ఆనించి నిలబడిపోయింది. మర్నాటికి ఇంకో రెండు. పశువుల డాక్టరు వచ్చేసరికి నల్లచెవిది పోయింది.

డాక్టరు చేతులు కడుక్కుంటూ బూజు పట్టిన మేత ఏమైనా తిన్నాయా అని అడిగాడు. ఇంటిల్లిపాదీ అక్కడే ఉన్నారు. ఆమె వెంటనే, "లేదండీ. బూజు పట్టిందంతా నేనే తీసి పారేస్తున్నాను, మూడు వారాల్నించి" అంది. ఆ మాటకి మామగారు ఆమె వంక చూశాడు. తర్వాత కింద పెట్టిన సబ్బుపెట్టె వంక చూశాడు. డాక్టరు సూదిమందులు వేశాడు, ఆలస్యమైందని చెప్పి వెళ్లాడు. వారంలో తొమ్మిదీ పోయాయి.

తొమ్మిది. పెద్దదొడ్డిలో పద్నాలుగింటికీ ఏమీ కాలేదు. ఇదేం లెక్క అని ఆమె మనసు తొలుస్తూనే ఉంది. ఆ మధ్యాహ్నం గోడ అవతలికి వెళ్లి చూసింది. మూడు వారాలు గంపలకొద్దీ పారేసినది కుప్పగా ఉండాలి. పెంట మీద పేడ ఉంది, బూడిద ఉంది, చినిగిన చెప్పు ఉంది. మేత పరక లేదు. తిరిగి వచ్చి పక్కదొడ్డిలో తొట్టి అడుగు గోకింది. గోరులో నీలం పొడి చిక్కింది.

మామగారు అరుగు మీద ఒంటరిగా ఉన్నాడు. ఆమె గుమ్మం పట్టుకుని నిలబడింది.

"మామయ్యా, పెంట మీద నేనేసిన మేత ఏమైంది?"

ఆయన తన అరచేతులు చూసుకున్నాడు.

"ఎండలో పరిచి ఆరబెట్టానమ్మాయ్. దులిపి పెట్టాను. గింజలున్నాయి అందులో. చూస్తూ చూస్తూ ఎలా వదిలెయ్యను?"

"బూజండీ అది."

"బూజని నాకెవరు చెప్పారు? పారేశావు సరే, ఎందుకు పారేస్తున్నావో నాతో ఒక్క మాటన్నావా?"

"పట్టా ఎత్తొద్దని మీతో ఎలా అనేది?"

"అనకపోతే నాకెలా తెలుస్తుంది?"

ఇద్దరిలో ఎవరి మాటా అబద్ధం కాదు. ఆయన పెద్దరికాన్ని కాచాననుకుంది, కాచింది తనకొచ్చిన మెప్పునేమో. మర్యాద అనుకుని మూసిన నోరు తొమ్మిది ప్రాణాలు తీస్తే, దాన్ని దేవుడు ఏ పేరుతో పిలుస్తాడు? ఆమెకి తెలియలేదు. ఎవర్ని అడగాలో కూడా తెలియలేదు.

ఆయన గొంతు తగ్గించాడు. "డాక్టరుతో నేను చెప్పలేదు. నువ్వూ ఎవరితోనూ అనకు. ఈ వయసులో పసివాటిని చంపినవాణ్ణని అనిపించుకోలేను."

ఆమె తలూపింది. ఊపకుండా ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకుంది.

ఆమె నోరు కట్టేశాక ఆయన నోరు విప్పాడు. పోస్టుమాన్‌కి చెప్పాడు, మంగలికి చెప్పాడు. పాతరమేత మా పిల్లలకి పడలేదయ్యా, కోడలు ముచ్చటపడింది కదా అని ఊరుకున్నాను, అన్నాడు. కోపంగా చెప్పి ఉంటే జనం సగమే నమ్మేవాళ్లు. ఆయన బాధగా చెప్పాడు. కళ్లు కూడా తుడుచుకున్నాడట. ఆ కన్నీళ్లు నిజమైనవేనని ఆమెకి తెలుసు.

కుట్టుమిషన్ వదిన వచ్చి సూటిగా అడిగింది. "తొక్కింది నా కాళ్లు కూడానే. ఎక్కడ తప్పు జరిగిందో నాకు చెప్పాలి నువ్వు."

"పాతరలో తప్పులేదు వదినా. మూత సరిగా పెట్టుకోలేదు."

"ఎవరు?"

అరుగు మీద మామగారు దగ్గాడు.

"ఇంట్లోవాళ్లమే," అంది ఆమె.

వదిన ఆమె ముఖంలోకి కాసేపు చూసి, "సర్లే, మీ ఇంటి గుట్టు మీది. నా మేకల్ని నేను ఎప్పట్లాగే అమ్ముకుంటాను" అని లేచింది. ఆ తర్వాత గోడ మీంచి పలకరించడం కూడా తగ్గించింది.

పద్నాలుగు పిల్లలకీ బేరం కుదిరింది. పొద్దున్నే బండి వస్తుందని మొగుడు చెప్పాడు. వాటికి ఏమీ కాలేదు కదా, సగానికి పైగా నిలబెట్టాను కదా, ఒప్పందం సంగతేంటని ఆమె అడిగితే, "ఆయన పెద్దవాడు, వదిలెయ్" అన్నాడు. వదిలెయ్యమన్నది మందనో, మాటనో చెప్పలేదు.

సాయంత్రం మామగారు పార తీసుకుని పాతర దగ్గరికి వెళ్లాడు. ఆమె వెనకే వెళ్లింది. మూడొంతుల్లో రెండొంతుల మేత అందులో ఇంకా ఉంది. ఆయన పట్టా మొత్తం లాగేశాడు. లోపల్నించి చల్లగా, పుల్లపుల్లగా అదే వాసన వచ్చింది.

"మామయ్యా, ఇది బాగుంది. ఒక్కసారి చెయ్యి పెట్టి చూడండి."

ఊరందరి చేతులూ అందులో పెట్టించిన మనిషి తన చెయ్యి పెట్టలేదు. పెట్టి, బాగుందని తెలిస్తే, ఇక ఏం మిగులుతుంది ఆయనకి? పార మట్టిలో దించాడు. మొదటి పార మట్టి మేత మీద పడింది. ఒక్క గింజ కోసం చెప్పు ఎత్తి చూసిన ఆయన, చెమటలు కక్కుతూ, దాన్నంతా మట్టిపాలు చేస్తున్నాడు.

మధ్యలో పార అంచుకి తగిలి ఒక మొక్కజొన్న గింజ గట్టు మీదికి ఎగిరిపడింది. ఆయన అలవాటు చొప్పున వంగి తీశాడు. జేబులో వేసుకోబోయి, కోడలు చూస్తోందని గమనించాడు. ఆ గింజని గోతిలోకి విసిరేసి, మళ్లీ పార ఎత్తాడు.

దొడ్డిలో పద్నాలుగు పిల్లలూ మేత వేళయిందని అరుస్తున్నాయి.